స్టేజి 3 అన్నారు, ఆపరేషన్ అయ్యాక వేరే రాశారు: మా నాయనకు ఏది నిజం?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది ఆదోని దగ్గర పల్లె. మా నాయనకు 58 ఏండ్లు, పత్తి సేద్యం చేస్తాడు. బయటికి పోయినప్పుడు రక్తం పడుతోందని చాలాకాలం మొలల మందు వాడినాడు. తగ్గకపోతే కర్నూలుకు పిల్చుకపోయి చూపించినాం. మలాశయంలో గడ్డ ఉందన్నారు, ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. ఎంఆర్‌ఐ కాగితంలో 'టీ3 ఎన్1 ఎం0' అని రాసి, స్టేజి 3 అని చెప్పినారు. కరెంటు (రేడియేషన్) పెట్టి, దాంతోపాటు కీమో మాత్రలిచ్చి, తర్వాత ఆపరేషన్ చేసినారు. పొట్ట మీద సంచి పెట్టినారు, కొన్నాళ్లకు తీసేస్తామన్నారు. ఇప్పుడొచ్చిన రిపోర్టులో 'వైపీటీ2 ఎన్0, 14 గ్రంథులు చూశాం, దేంట్లోనూ లేదు, సీఆర్‌ఎం 6 మిల్లీమీటర్లు' అని ఉంది. మా బావ ఫోన్‌లో చూసి, స్టేజి 3 అయితే నూటికి 74 మందే అయిదేండ్లు బతుకుతారంటాడు. ఇంకొకరేమో స్టేజి 1కి దిగింది, ఇంక భయం లేదంటారు. మా చెల్లెలి పెండ్లి వచ్చే ఏడాది అనుకున్నాం. నాయన ఉండగానే చేసేద్దామని అమ్మ తొందరపెడుతోంది. ఎవరి మాట నమ్మాల?
– ఒక కొడుకు, ఆదోని మండలం

జవాబు: నాయనా, ఆ రెండు కాగితాల్లో దేన్నీ పారేయొద్దు. రెండూ నిజమే. మొదటిది చికిత్సకు ముందు మీ నాయన ఒంట్లో ఏముందో చెప్పింది. రెండోది చికిత్స తర్వాత ఏం మిగిలిందో చెప్పింది. 'టీ' ముందు 'వైపీ' అని ఉంది చూశారా, కరెంటూ కీమో అయ్యాక తీసిన పేగును పరీక్షించి రాశామని చెప్పే గుర్తు అది.

ఆ రెండో కాగితం రాసేది నాలాంటివాళ్లే. కర్నూల్లో పాథాలజీ డాక్టరుగా నా ఉద్యోగమంతా తీసిన ముక్కలు పరీక్షించే బల్ల దగ్గరే గడిచింది. అక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే ఆ అక్షరాలూ అంకెలూ మీకు అంత పరాయిగా అనిపించవు.

మలాశయం అంటే పెద్దపేగు చివరి 15 సెంటీమీటర్లు. దాని గోడలో పొరలుంటాయి: లోపలి జిగురుపొర, దాని కింది మెత్తటి పొర, ఆ తర్వాత కండరం. కండరం బయట చుట్టూ కొవ్వు, ఆ కొవ్వులో లింఫ్ గ్రంథులు. గడ్డ లోపలి పొరలో పుట్టి బయటికి తవ్వుకుంటూ పోతుంది. మెత్తటి పొర వరకే ఉంటే టీ1, కండరంలోకి దిగితే టీ2, కండరం దాటి కొవ్వులోకి వస్తే టీ3, ఆ కొవ్వునూ దాటి పొత్తికడుపు పొరనో పక్కనున్న మూత్రసంచి, గర్భసంచి వంటివాటినో అంటుకుంటే టీ4. గ్రంథుల్లో లేకపోతే ఎన్0, ఒకటి నుంచి మూడింట్లో ఉంటే ఎన్1, నాలుగు, అంతకన్నా ఎక్కువైతే ఎన్2. లివర్, ఊపిరితిత్తుల వంటి దూరపు చోట్లకు పోయి ఉంటే ఎం1. టీ1, టీ2 అయి గ్రంథులు శుభ్రంగా ఉంటే స్టేజి 1. టీ3, టీ4 అయి గ్రంథులు శుభ్రంగా ఉంటే స్టేజి 2. గ్రంథుల్లోకి వస్తే స్టేజి 3. ఎం1 అయితే స్టేజి 4.

ఆపరేషన్‌లో తీసిన పేగు మా దగ్గరికి ఫార్మలిన్ పోసిన డబ్బాలో వస్తుంది. మొట్టమొదట చూసేది దాని పైనున్న కొవ్వు తొడుగు నున్నగా, చిరగకుండా ఉందా అని. 1982లో ఇంగ్లండులో బిల్ హీల్డ్ అనే సర్జన్ ఆ కొవ్వు తొడుగును చెక్కుచెదరకుండా మొత్తంగా తీయాలని చూపించాక, అదే చోట గడ్డ తిరిగి రావడం బాగా తగ్గిపోయింది. అంతకుముందు ఎంతోమందికి కటిలోపలే మళ్లీ మొలిచేది, ఆ నొప్పికి మందుండేది కాదు. తొడుగు చూశాక దాని బయటి ముఖమంతా రంగు సిరా పూస్తాం. అది ఆరాక పేగును అడ్డంగా మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల మందాన ముక్కలు కోస్తాం. ఆ ముక్కల్లో గడ్డ చివరి అంచు నుంచి సిరా గీత వరకు ఎంత దూరముందో మైక్రోస్కోపు కింద కొలుస్తాం. మీ కాగితంలోని సీఆర్‌ఎం అదే. 1 మిల్లీమీటరు, అంతకన్నా తక్కువ ఉంటే సర్జన్ కత్తి గడ్డకు మరీ దగ్గరగా పోయిందని అర్థం. ఈ అంచు ఎంత ముఖ్యమో 1986లో లీడ్స్ నగరంలో ఫిల్ క్విర్క్ అనే పాథాలజిస్టు తేల్చిచెప్పాడు. మీ నాయనకు 6 మిల్లీమీటర్లు ఉంది. ఆపరేషన్ చేసిన సర్జన్ చేతికి నేను దండం పెడతాను.

ఆ తర్వాత గ్రంథుల వెతుకులాట. కొవ్వును బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నలుపుతూ పోతాం. గ్రంథి తగిలితే కందిపప్పు గింజంత గట్టిగా తెలుస్తుంది. కరెంటు పెట్టినవాళ్లలో అవి ఇంకా చిన్నగా కుంచించుకుపోతాయి, దొరకవు. ఓపిక లేనివాడు నాలుగు దొరకగానే ఆపేసి ఎన్0 అని రాసేస్తాడు. నాలుగు చూసి లేదనడం వేరు, పద్నాలుగు చూసి లేదనడం వేరు. కనీసం 12 చూడాలన్నది మా లెక్క. అందుకే ఎన్0 అని కనపడగానే సంబరపడకుండా పక్కనే ఎన్ని చూశారన్నది చదవమని నేను అందరికీ చెబుతుంటాను. మీ రిపోర్టు రాసినవాళ్లు శ్రద్ధగా రాశారు.

ఇక మీ బావ చెప్పిన 74. ఆ అంకె అబద్ధం కాదు, అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్క అది. మలాశయ క్యాన్సర్ గోడ దాటకముందే దొరికితే అయిదేళ్ల తర్వాత నూటికి దాదాపు 90 మంది, గోడ దాటి పక్కకో దగ్గరి గ్రంథులకో చేరితే 74 మంది, దూరపు అవయవాలకు పోతే 18 మంది బతికి ఉంటున్నారని అందులో ఉంది. అదీ క్యాన్సర్ లేని అదే వయసువాళ్లతో పోల్చి చూసిన లెక్క. కానీ ఆ 74లో ఎవరెవరున్నారో చూడండి. ఒక్క గ్రంథి తగిలినవాళ్లూ, పది తగిలినవాళ్లూ ఉన్నారు. కరెంటుకు గడ్డ కరిగినవాళ్లూ, ఏమాత్రం కరగనివాళ్లూ ఉన్నారు. ఎనభై ఏళ్లు దాటి కీమో తట్టుకోలేనివాళ్లూ ఉన్నారు. పైగా అయిదేళ్ల లెక్క తేలాలంటే కనీసం అయిదేళ్ల కిందట జబ్బు బయటపడినవాళ్లనే లెక్కపెట్టాలి. మీ నాయనకు అందిన వైద్యం వాళ్లందరికీ అంది ఉండదు.

స్టేజి అంకె పెరిగినకొద్దీ ఆయుష్షు మెట్టుమెట్టుగా తగ్గుతుందనుకోవడం కూడా సరికాదు. స్టేజి 2లోనే పక్క అవయవంలోకి చొచ్చుకుపోయిన గడ్డలున్నాయి. గోడలోనే ఉండి ఒకటి రెండు గ్రంథులకు తగిలిన స్టేజి 3 రోగులు వాళ్లకన్నా ఎక్కువకాలం బతుకుతున్నారు. 1932లో లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో కత్‌బర్ట్ డ్యూక్స్ అనే పాథాలజిస్టు మలాశయ క్యాన్సర్‌కు ఏ, బీ, సీ అని మూడు తరగతులు పెట్టినప్పటి నుంచి ఈ దశలు చేసే పని ఒకటే: ఎవరికి ఏ చికిత్స, ఏ వరసలో ఇవ్వాలో డాక్టర్లకు చెప్పడం. మీ నాయనకు ముందు కరెంటు, తర్వాత కత్తి అని నిర్ణయించింది ఆ మొదటి 'టీ3 ఎన్1'.

'స్టేజి 1కి దిగింది' అన్నవాళ్ల మాటలో సగం నిజముంది. మొదటి నుంచీ స్టేజి 1గా ఉన్న మనిషీ, 3 నుంచి దిగిన మనిషీ ఒకటి కాదు. మీ నాయన విషయంలో కణాలు ఒకసారి గ్రంథుల దాకా ప్రయాణం చేసి ఉండొచ్చు. అందుకే ఇంకా కీమో కావాలా అన్నది మీ ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టరు, మొదటి ఎంఆర్‌ఐని కూడా ఎదురుగా పెట్టుకుని నిర్ణయిస్తారు. అయితే చికిత్స తర్వాత గ్రంథులు శుభ్రపడినవాళ్లు, శుభ్రపడనివాళ్లకన్నా స్పష్టంగా బాగుంటున్నారు. మీ నాయన మంచి వైపు ఉన్నాడు. ఈ మాట ఊరడింపుకు చెప్పడం లేదు, కాగితం చూసి చెబుతున్నాను.

జబ్బు తిరగబెట్టేవాళ్లలో ఎక్కువమందికి మొదటి మూడేళ్లలోనే తిరగబెడుతుంది. అందుకని ఆ మూడేళ్లు పరీక్షలు తప్పించొద్దు. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ రక్తపరీక్ష (జబ్బు తిరగబెడితే ఆ అంకె పెరగొచ్చు), డాక్టరు చెప్పిన గడువుకు సిటీ స్కాను, ఆపరేషన్ అయి ఏడాది నిండాక ఒక కొలనోస్కోపీ, అంటే గొట్టం వేసి పెద్దపేగంతా చూడటం. సీఈఏ కోసం ప్రతిసారీ కర్నూలు రానక్కర్లేదు, ఆదోనిలో ఇవ్వచ్చు. కాకపోతే ఎప్పుడూ ఒకే ల్యాబులో ఇవ్వండి. ల్యాబు మారితే అంకె మారుతుంది, ఇంట్లో అందరికీ నిద్ర ఉండదు. మీ నాయన బీడీ తాగుతాడా? తాగితే క్యాన్సర్ లేకపోయినా సీఈఏ కాస్త ఎక్కువ చూపిస్తుంది. మానిపించడానికి ఇదొక కారణం, ఇంకా పెద్ద కారణాలు మీకు తెలిసినవే.

సంచి గురించి ఒక మాట, మన ఎండలకు ఇది ముఖ్యం. చిన్నపేగు నుంచి పెట్టిన సంచి అయితే నీళ్లూ ఉప్పూ రెండూ దాంట్లోకి పోతుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో చేనికి పోయి వచ్చేసరికి మనిషి వాడిపోయి, కళ్లు తిరిగి, కిడ్నీల దాకా దెబ్బ తగలొచ్చు. దాహమని ఒట్టి నీళ్లు చెంబులకు చెంబులు తాగిస్తే సంచి ఇంకా నిండుతుంది. ఓఆర్‌ఎస్, ఉప్పేసిన గంజి, ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి. మూత్రం తగ్గి ముదురు పసుపుగా వస్తుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

పెండ్లి సంగతి మీ అమ్మగారికి ఇట్లా చెప్పండి. ఆ రిపోర్టులో పెండ్లిని ముందుకు జరపాల్సిన కారణం నాకు ఏదీ కనపడలేదు. నిజానికి తొందరపడితేనే ఇబ్బంది. సంచి తీసేశాక మొదటి కొన్ని నెలలు రోజుకు చాలాసార్లు పోవలసి వస్తుంది, వచ్చిందంటే ఆపుకోలేరు. అట్లాంటప్పుడు కన్యాదానానికి పీటల మీద అంతసేపు కూర్చోబెడితే ఆయనకు నరకం. మిగిలిన చికిత్స పూర్తయి, సంచి తీసి, పేగు కుదురుకున్నాక ముహూర్తం పెట్టుకోండి. మీరనుకున్న వచ్చే ఏడాదే సరైనది.

ప్రశ్న: మేడమ్, నా భార్యకు 41 ఏళ్లు. మేం మగ్గం నేసేవాళ్లం. ఆమెకు మలాశయంలో క్యాన్సర్, లివర్‌లో రెండు మచ్చలు ఉన్నాయన్నారు. ఒకచోట చూసి, నాలుగో స్టేజి, ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి అన్నారు. ఆమెకు పేగుపూత అనే చెప్పినాం. ఇద్దరు పిల్లలు. ఇంక చేసేదేమీ లేదా?
– ధర్మవరం

జవాబు: ఉంది. అన్నా, 'నాలుగో స్టేజి' అనే ఒక్క మాట కింద చాలా రకాల మనుషులున్నారు. లివర్ నిండా, ఊపిరితిత్తుల నిండా, పొట్ట పొరంతా పాకినవాళ్లూ దాంట్లోనే, మీ ఇంటామెలాగ లివర్‌లో రెండే మచ్చలున్నవాళ్లూ దాంట్లోనే. పైన చెప్పిన నూటికి 18 వీళ్లందరినీ కలిపి తీసిన లెక్క. లివర్‌లో మాత్రమే ఉండి, వాటిని పూర్తిగా కోసి తీయగలిగిన రోగుల్లో నూటికి 40 మంది దాకా అయిదేళ్లు దాటుతున్నారు. సగం మందికి పైగా జబ్బు మళ్లీ కనపడుతుందన్నదీ నిజం, అది దాచి మీకు ఆశ పెట్టను. కనపడినప్పుడు రెండోసారి ఆపరేషన్ చేయించుకుని బతికినవాళ్లూ ఉన్నారు.

కాబట్టి మీరు వెతకాల్సింది ఒక మనిషిని: లివర్ ఆపరేషన్లు చేసే సర్జన్. ఆ స్కాన్లు ఆయన కళ్లతో చూసి తీయవచ్చో లేదో చెప్పాలి. ఇంటికి తీసుకుపొమ్మన్న మాట లివర్ సర్జన్ చూడకముందే అన్నారని మీ ఉత్తరాన్ని బట్టి నాకనిపిస్తోంది. లివర్‌కు ఎంఆర్‌ఐ, ఛాతీకి సిటీ కావాలి. ఛాతీకి ఎందుకంటే మలాశయం పై భాగం నుంచి రక్తం లివర్ గుండా పోతుంది, కింది భాగం నుంచి కొంత లివర్‌ను తాకకుండానే గుండెకూ ఊపిరితిత్తులకూ పోతుంది. గడ్డ కిందికి ఉన్నవాళ్లలో ఊపిరితిత్తులు తప్పనిసరిగా చూడాలి.

ధర్మవరం నుంచి మీకు బెంగళూరూ దగ్గరే, తిరుపతీ పోవచ్చు. పోయేముందు ఆ ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మునుపటి ఆరోగ్యశ్రీ పథకంలో ఉందో లేదో 104కు ఫోన్ చేసో, దగ్గరి నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రనో అడగండి. మగ్గం మీద బతికే ఇంట్లో అప్పు ముందు పుట్టి వైద్యం తర్వాత మొదలు కాకూడదు. బయాప్సీ దిమ్మ, అంటే మైనంలో పెట్టిన ఆ ముక్క, మీ సొత్తు. ల్యాబులో అడిగి తీసుకుని వెంట పెట్టుకోండి, మళ్లీ ముక్క తీయించుకునే బాధ తప్పుతుంది.

ఆ దిమ్మ మీదే ఎంఎంఆర్ అనే పరీక్ష చేయించమని అడగండి. నాలుగు ప్రొటీన్లు ఉన్నాయా లేవా అని రంగు వేసి చూస్తాం. ఏదైనా లోపిస్తే ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే గడ్డ మీదికి ఉసిగొల్పే మందు, బాగా పనిచేస్తుంది. జబ్బు పాకినవాళ్లలో అట్లాంటివారికి కీమో కన్నా పెంబ్రోలిజుమాబ్ అనే మందు మేలని 2020లో తేలింది. పాకకుండా మలాశయంలోనే ఉన్న ఇదే రకం గడ్డలు డోస్టార్లిమాబ్ అనే మందుతో, కత్తి అవసరం లేకుండా పూర్తిగా కరిగాయని 2022లో అమెరికా డాక్టర్లు ప్రకటించారు. ఇట్లాంటి రకం తక్కువమందిలోనే ఉంటుంది, జబ్బు పాకినవాళ్లలో నూటికి అయిదుగురు దాకా. మందు ఖరీదూ ఎక్కువే. అయినా 41 ఏళ్ల మనిషికి ఆ పరీక్ష తప్పక చేయాలని నేనంటాను. ఎందుకంటే లోపం వంశపారంపర్యమని తేలితే ఆమె అక్కచెల్లెళ్లలో, అన్నదమ్ముల్లో, రేపు మీ పిల్లల్లో అదే లోపం ఉన్నవాళ్లు 20, 25 ఏళ్ల నుంచే కొలనోస్కోపీ చేయించుకుంటూ ఉండాలి. లోపం లేదని తేలినా, తోబుట్టువులు 31 ఏళ్ల నుంచి మొదలుపెట్టాలి.

ఆమెకు చెప్పండి. మీ ప్రేమ నాకర్థమవుతోంది. కానీ పేగుపూతకు కీమో ఎందుకు ఎక్కిస్తారని రెండోరోజే ఆమెకు అనుమానం వస్తుంది, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మదు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది ఆమే. మొత్తం ఒక్కరోజే చెప్పనక్కర్లేదు. 'గడ్డ ఉంది, మంచి గడ్డ కాదు, చికిత్స ఉంది' అని మొదలుపెట్టండి. ఆ తర్వాత ఆమె ఎంత అడిగితే అంత చెప్పండి.

ప్రశ్న: ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాను, 63 ఏళ్లు. ఆసనం నుంచి 3 సెంటీమీటర్ల ఎత్తులో గడ్డ. కరెంటు, కీమో అయ్యాక గడ్డ కనపడటం లేదంటున్నారు. ఆపరేషన్ చేస్తే జీవితాంతం సంచి అంటున్నారు. చేయించుకోకుండా ఉండొచ్చా?
– అనంతపురం

జవాబు: కొందరు ఉండొచ్చు. బ్రెజిల్‌లోని సావో పాలోలో అంజెలితా హబర్-గామా అనే సర్జన్ 2004లో తన రోగుల వివరాలు ప్రచురించినప్పుడు, ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉండటం ఏమిటని చాలామంది అభ్యంతరం చెప్పారు. ఇప్పుడది చాలా దేశాల్లో అంగీకరించిన పద్ధతి. అయితే 'కనపడటం లేదు' అన్నది ఎవరన్నారు, ఎట్లా చూసి అన్నారు? సిటీ స్కానులో కనపడలేదంటే లెక్క కాదు. వేలితో చూసినప్పుడు నున్నగా తగలాలి, స్కోపులో తెల్లటి మచ్చ తప్ప పుండు ఉండకూడదు, ఎంఆర్‌ఐలో గ్రంథులు శుభ్రంగా ఉండాలి. ఈ మూడూ కలవాలి.

అన్నీ కలిసినా నలుగురిలో ఒకరికి గడ్డ మళ్లీ మొలుస్తుంది, ఎక్కువగా మొదటి రెండేళ్లలో. వెంటనే పట్టుకుంటే వాళ్లలో చాలామందిని అప్పుడు ఆపరేషన్ చేసి కాపాడగలం. ఆ 'వెంటనే' కోసమే రెండేళ్లపాటు మూడు నెలలకోసారి వేలి పరీక్ష, స్కోపు తప్పకుండా చేయించుకోవాలి, మధ్యమధ్య ఎంఆర్‌ఐ కూడా. డ్యూటీ చార్టు తప్పని మనిషి మీరు, ఇది మీరు చేయగలరనే నమ్మకం నాకుంది. బాగానే ఉన్నాను కదా అని మధ్యలో మానేసే అవకాశం ఏమాత్రం ఉన్నా, లేదా ఆ మూడు పరీక్షలు ఒకేచోట చేసే ఆసుపత్రి మీకు అందుబాటులో లేకపోయినా, ఆపరేషనే చేయించుకోండి. సంచితో పొలం పనులు చేసేవాళ్లు, పెళ్లిళ్లకు తిరిగేవాళ్లు మన జిల్లాల్లోనే చాలామంది ఉన్నారు.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మూడు నెలలుగా దొడ్డికి పోయినప్పుడు రక్తం, పోయాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపిస్తుంది. మెడికల్ షాపులో మొలలకని ఆయింట్‌మెంట్ ఇచ్చారు. ఈ వయసులో క్యాన్సర్ రాదు కదా?
– ప్రొద్దుటూరు

జవాబు: వస్తుంది బాబూ. మన దేశంలో మలాశయ క్యాన్సర్ చిన్న వయసువాళ్లలో తక్కువేమీ కాదు. ముప్పై దాటని పిల్లల ముక్కలు నా మైక్రోస్కోపు కింద ఎన్నో చూశాను. మీకున్నది మొలలే కావచ్చు, ఆ అవకాశమే ఎక్కువ. కానీ పోయాక కూడా ఇంకా ఉన్నట్టనిపించడం మొలల కన్నా లోపలి గడ్డల్లో ఎక్కువగా చూస్తాం. షాపులో కౌంటరు అవతల నిలబడ్డ మనిషికి ఆ తేడా తెలిసే దారి లేదు.

డాక్టరు గ్లవ్ వేసుకుని వేలితో చూడటానికి ఒక్క నిమిషం పడుతుంది. మలాశయంలో కింది వైపు పుట్టే గడ్డలు చాలావరకు ఆ వేలికే దొరుకుతాయి. సిగ్గుపడి ఆ నిమిషం వాయిదా వేసుకున్న నెలల్లోనే టీ1, టీ3 అవుతుంది. ప్రొద్దుటూరులో ఏ జనరల్ సర్జన్ దగ్గరికైనా వెళ్లి, 'వేలితో చూడండి, స్కోపు కూడా వేయండి' అని మీరే అడగండి. చూడకుండా మందు రాస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. లోపల మొలలు కనపడినా సరే, స్కోపును అక్కడితో ఆపకుండా ఇంకా పైకి చూడమని చెప్పండి. మొలలూ గడ్డా రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే అది డాక్టరుకు ముందే చెప్పండి. ఈ వారంలోనే వెళ్లండి.